చుక్క చెప్పే సంగతి: ట్రాన్స్‌ఫార్మరులో కరెంటు ఎటు పోతుంది?

హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్లే రోడ్డు మీద, మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు బస్సులో పోతున్నప్పుడు కిటికీలోంచి మీరేం చూస్తారు? ఆ రోడ్డుకు పేరు తెచ్చిన మర్రిచెట్లను చూస్తారు. టమాట తోటలను, పూల మళ్లను చూస్తారు. ఈసారి మరొకటి కూడా చూడండి. పొలం గట్టున స్తంభాల మధ్య బిగించిన బూడిదరంగు ఇనుప పెట్టె ఒకటి కనిపిస్తుంది. అదే ట్రాన్స్‌ఫార్మరు. దాని పైకి మూడు తీగలు వస్తాయి. దాని నుంచి నాలుగు తీగలు బయటికి పోతాయి. వచ్చేది 11,000 వోల్టులు. పోయేది 433 వోల్టులు. మీ ఇంట్లో దీపం వెలగాలన్నా, మీ పొలంలో బోరు నీళ్లు పోయాలన్నా ఆ పెట్టె సరిగా పనిచేయాలి.

ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని పెంచుతుందని, తగ్గిస్తుందని మీరు చదువుకునే ఉంటారు. చుట్ల నిష్పత్తి లెక్కలు కూడా చేసి ఉంటారు. అయితే ఒక ప్రశ్నకు మాత్రం చాలా పాఠాల్లో జవాబు ఉండదు. ఆ ప్రశ్నను కొన్నేళ్ల కిందట మా తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది.

"సార్, ఈ ట్రాన్స్‌ఫార్మరు బొమ్మలో ఒక్కో తీగచుట్ట పక్కన ఒక నల్లచుక్క పెట్టారు. అది ధ్రువత గుర్తు అన్నారు. మనకు వచ్చేది ఏ.సి. కదా! అది సెకనుకు వందసార్లు దిక్కు మార్చుకుంటుంది. ధనం ఏదో, రుణం ఏదో నిలకడ లేనప్పుడు ఇక దానికి ధ్రువత ఏమిటి సార్?"

ఎంత మంచి ప్రశ్నో చూడండి! ఆ చుక్కను పట్టించుకోకపోతే ఏం జరుగుతుందో తెలుసుకుంటే ప్రశ్న విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మోటార్లు కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్లు పొగలు కక్కుతాయి. కరెంటు దిక్కు గురించి పొరపడితే మనుషుల ప్రాణాలే పోవచ్చు. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

కవ్వం తాడు

మీ అమ్మమ్మ కవ్వంతో మజ్జిగ చిలకడం చూశారా? కవ్వానికి చుట్టిన తాడు కొసలు రెండూ ఆమె రెండు చేతుల్లో ఉంటాయి. కుడిచెయ్యి వెనక్కి వస్తే ఎడమచెయ్యి ముందుకు పోతుంది. మరుక్షణం అంతా తారుమారు. ఇప్పుడు మిమ్మల్ని "కుడిచెయ్యి ఎటు పోతోంది?" అని అడిగితే ఒక జవాబు చెప్పలేరు. అది అటూ పోతుంది, ఇటూ వస్తుంది. కానీ "కుడిచెయ్యి వెనక్కి వస్తున్న క్షణంలో ఎడమచెయ్యి ఎటు పోతోంది?" అని అడిగితే? "ముందుకే" అని వెంటనే చెబుతారు. ఆ జవాబు ఎన్నటికీ మారదు.

ట్రాన్స్‌ఫార్మరు మీది చుక్క చెప్పేది కూడా ఇలాంటి సంగతే. "ఈ కొస ఎప్పుడూ ధనం" అని అది చెప్పదు. "ఈ చుట్టలో చుక్క ఉన్న కొస ధనంగా ఉన్న క్షణంలో, ఆ చుట్టలో చుక్క ఉన్న కొస కూడా ధనంగానే ఉంటుంది" అని చెబుతుంది. ఒకే ఉయ్యాల బల్ల మీద కూర్చున్న ఇద్దరు పిల్లల్లాగా, చుక్కలున్న కొసలు రెండూ కలిసే పైకి పోతాయి, కలిసే కిందికి వస్తాయి.

ఫారడే ఉంగరం

ఇదంతా మొదట కనిపించింది మైకేల్ ఫారడేకు. ఆయన 1831 ఆగస్టు 29న మెత్తని ఇనుముతో చేసిన ఒక ఉంగరం మీద రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదానిని బ్యాటరీకి కలిపాడు. రెండోదాని తీగను ఒక అయస్కాంత సూచి మీదుగా పోనిచ్చాడు. బ్యాటరీ కలిపిన క్షణంలో సూచి ఒకవైపు ఉలిక్కిపడినట్టు కదిలి మళ్లీ తన చోటికి వచ్చింది. ఆ తరువాత కరెంటు పారుతూనే ఉన్నా సూచి కదలలేదు. బ్యాటరీని విడదీసిన క్షణంలో మళ్లీ కదిలింది. అయితే ఈసారి రెండోవైపుకు!

అంటే రెండో చుట్టలో విద్యుత్తు పుట్టింది మొదటి చుట్టలో కరెంటు ఉన్నందువల్ల కాదు, ఆ కరెంటు మారినందువల్ల. కరెంటు పెరిగితే ఒక దిక్కు, తగ్గితే దానికి ఎదురు దిక్కు. 1834లో లెంజ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ దిక్కుకు ఒక నియమం చెప్పాడు: ప్రేరిత విద్యుత్తు ఎప్పుడూ తనను పుట్టించిన మార్పునే వ్యతిరేకిస్తుంది.

మీరే చేసి చూడండి

మీ పాఠశాల ప్రయోగశాలలో గాల్వనామీటరు ఉంటుంది. దానితో పాటు ఒక పొడవైన ఇనుప బోల్టు, ఒక టార్చిలైటు ఘటం, పైపూత ఉన్న సన్నని రాగితీగ తెచ్చుకోండి. బోల్టు మీద కాగితం చుట్టి, దానిపై 100 చుట్లు చుట్టండి. మొదలైన కొసకు ఎర్రదారం కట్టండి. దాని మీద మళ్లీ కాగితం చుట్టి, మొదటి చుట్ట తిరిగిన దిక్కులోనే మరో 100 చుట్లు చుట్టండి. ఈ చుట్ట మొదలుకు కూడా ఎర్రదారం కట్టండి. పూత ఉన్న తీగ అయితే కొసలను గీకడం మరచిపోకండి.

మొదటి చుట్ట ఎర్రదారం కొసను ఘటం ధన ధ్రువానికి కలిపి ఉంచండి. రెండో చుట్ట ఎర్రదారం కొసను గాల్వనామీటరు ధన కొనకు, రెండో కొసను రుణ కొనకు కలపండి. ఇప్పుడు మొదటి చుట్ట రెండో కొసను ఘటం రుణ ధ్రువానికి ఒక్క క్షణం తాకించండి. ముల్లు ధన దిక్కుకు కదులుతుంది. తీసేయండి. రెండో దిక్కుకు కదులుతుంది. ఎక్కువసేపు తాకిస్తే ఘటం వేడెక్కి పాడవుతుంది. కొసలను పట్టుకునేటప్పుడు పూత ఉన్నచోటే పట్టుకోండి.

ఇప్పుడు గాల్వనామీటరుకు కలిపిన కొసలను తారుమారు చేసి చూడండి. తాకించగానే ముల్లు రుణ దిక్కుకు పోతుంది. ఏ చుట్ట ఎటు తిరిగిందో తెలియని ట్రాన్స్‌ఫార్మరు చేతికి వచ్చినా ఈ పద్ధతితోనే చుక్క పెట్టవచ్చు. తాకించిన క్షణంలో ముల్లు ధన దిక్కుకు కదిలితే, ఘటం ధన ధ్రువానికి కలిపిన కొసకు, మీటరు ధన కొనకు కలిపిన కొసకు చుక్కలు పెట్టాలి. మీరు కట్టిన ఎర్రదారాలే ఆ చుక్కలు!

లోపలికా, బయటికా?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. చుక్కలున్న కొసలు రెండూ ఒకేసారి ధనంగా ఉంటాయన్నాం. కానీ మొదటి చుట్టలో కరెంటు చుక్క కొసలోంచి లోపలికి పోతున్న క్షణంలో, బల్బు కలిపిన రెండో చుట్టలో కరెంటు చుక్క కొసలోంచి బయటికి వస్తుంది. రెండూ ధనమే అయినప్పుడు ఒకచోట లోపలికి, మరొకచోట బయటికి ఎందుకు?

ఒక ఘటాన్ని, బల్బును తలుచుకోండి. ఘటం ధన ధ్రువం నుంచి కరెంటు బయటికి వస్తుంది. అదే కరెంటు బల్బు ధన కొనలోంచి లోపలికి పోతుంది. ఘటం ఇచ్చేది, బల్బు తీసుకునేది. ఇచ్చేదానిలో కరెంటు ధన కొననుంచి బయటికి వస్తుంది. తీసుకునేదానిలో ధన కొననుంచి లోపలికి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు మొదటి చుట్ట లైను నుంచి శక్తిని తీసుకుంటుంది కాబట్టి లైను దృష్టిలో అది ఒక బల్బు. రెండో చుట్ట మీ దీపానికి శక్తినిస్తుంది కాబట్టి దీపం దృష్టిలో అది ఒక ఘటం. అంతే! ఇందులో వింత ఏమీ లేదు.

లెంజ్ నియమం కూడా ఇదే చెబుతుంది. మొదటి చుట్ట కరెంటు ఇనుములో అయస్కాంత అభివాహాన్ని ఒక దిక్కుకు పెంచుతుంటే, రెండో చుట్ట కరెంటు దాన్ని తగ్గించడానికి చూస్తుంది. అభివాహం కాస్త తగ్గబోగానే మొదటి చుట్ట లైను నుంచి మరికొంత కరెంటు లాగి ఆ లోటు పూడుస్తుంది. మీరు దీపం వేసిన సంగతి మొదటి చుట్టకు తెలిసేది ఇలాగే. మధ్యలో తీగ కలిసి ఉండదు. కబురు మోసేది ఇనుములోని అభివాహమే. ఉదాహరణకు 230 వోల్టులను 12 వోల్టులుగా మార్చే చిన్న ట్రాన్స్‌ఫార్మరు నుంచి మీరు 1 ఆంపియరు తీసుకుంటే, ఖర్చయ్యేది 12 వాట్లు. నష్టాలను వదిలేస్తే అందుకు లైను నుంచి అది తీసుకునేది 12ను 230తో భాగించగా వచ్చే సుమారు 0.05 ఆంపియరు.

ఆరు, ఆరు కలిస్తే సున్నా!

ఒక ఏడాది సైన్సు ప్రదర్శనకు మా విద్యార్థి ఒకడు రేడియోకు పనికివచ్చే బ్యాటరీ ఎలిమినేటరు తయారు చేయబోయాడు. అతని ట్రాన్స్‌ఫార్మరులో రెండు వేర్వేరు 6 వోల్టుల చుట్టలున్నాయి. వాటిని వరుసగా కలిపితే 12 వోల్టులు రావాలి. మీటరు పెట్టి చూస్తే సున్నా! "కొత్త ట్రాన్స్‌ఫార్మరు సార్, కాలిపోయినట్టుంది" అంటూ దిగులుగా వచ్చాడు.

కాలిపోలేదు. మొదటి చుట్ట చివరను రెండో చుట్ట మొదలుకు కలపాల్సింది పోయి, రెండు చివరలనూ కలిపాడు. ఒకటి 6 వోల్టులు పైకి తోస్తుంటే రెండోది 6 వోల్టులు కిందికి తోసింది. రెండు తీగలు మార్చగానే మీటరు 12 చూపింది.

వరుసలో కలిపినప్పుడు పొరపాటు జరిగితే పోయేది వోల్టేజి మాత్రమే. రెండు చుట్టలను పక్కపక్కగా, అంటే సమాంతరంగా కలిపేటప్పుడు పొరపాటు జరిగితే మాత్రం ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఒక్కో చుట్ట నిరోధం అర ఓము అనుకోండి. చుక్కలను ఎదురెదురుగా కలిపితే ఆ రెండు చుట్టల వలయంలో 12 వోల్టులు, 1 ఓము నిరోధం ఉంటాయి. అంటే 12 ఆంపియర్ల దాకా కరెంటు తిరగబోతుంది! ఒక్క ఆంపియరు కోసం చుట్టిన సన్నతీగ ఎంతసేపు తట్టుకుంటుంది? అందుకే ముందుగా ఒక జత కొసలను మాత్రమే కలిపి, మిగిలిన రెండు కొసల మధ్య 12 వోల్టుల బల్బు పెట్టి చూడాలి. బల్బు వెలిగితే తప్పు. వెలగకపోతే ఆ కొసలను కలపవచ్చు. వెలగని బల్బు శుభవార్త చెప్పే సందర్భం ఇదొక్కటేనేమో! ఇలాంటి పనులు మీ ఉపాధ్యాయుడు పక్కన ఉన్నప్పుడే చేయాలి సుమా.

దీపానికి తెలియని తప్పు

ఇక పొలం గట్టున ఉన్న పెద్ద ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వద్దాం. దానిలో మూడు ఫేజులు, మూడు జతల చుట్టలు ఉంటాయి. 433 వోల్టుల వైపు ఉన్న మూడు చుట్టల చివరలను ఒకచోట ముడివేస్తారు. ఆ ముడి నుంచి వచ్చేదే నాలుగో తీగ, న్యూట్రలు. ఒక్కో ఫేజుకు, న్యూట్రలుకు మధ్య 250 వోల్టులు ఉంటాయి. తీగల్లో కొంత పోగా మీ ఇంటికి 230 వోల్టుల దగ్గరగా చేరుతుంది.

వృత్తలేఖిని తీసుకోండి. 1 సెంటీమీటరుకు 100 వోల్టులు అనుకుని 2.5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. గడియారంలో 12, 4, 8 అంకెలుండే చోట్ల చుక్కలు పెట్టండి. ఇవి మూడు ఫేజులు. కేంద్రం న్యూట్రలు. 12కు, 4కు మధ్య దూరం కొలవండి. సుమారు 4.33 సెంటీమీటర్లు వస్తుంది. అదే 433 వోల్టులు!

ఇప్పుడు మొదటి ఫేజు చుట్ట కొసలు తారుమారైనాయనుకోండి. 12 దగ్గరి చుక్క ఎదురుగా 6 దగ్గరికి పోతుంది. కేంద్రం నుంచి దాని దూరం మారలేదు. కాబట్టి ఆ ఫేజు మీద ఉన్న ఇళ్లలో దీపాలు ఎప్పటిలాగే వెలుగుతాయి. ఎవరికీ అనుమానం రాదు. కానీ 6కు, 4కు మధ్య దూరం కొలవండి. 2.5 సెంటీమీటర్లే! 6కు, 8కి మధ్య కూడా అంతే. మూడు ఫేజుల మోటారుకు 433, 433, 433 అందాల్సిన చోట 433, 250, 250 అందుతాయి. మోటారు గురగురమంటుంది, వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. దీపానికి తెలియని తప్పును మోటారు పట్టిస్తుందన్నమాట.

మోటారు చుట్టల్లోనూ ఇదే సంగతి. చేవెళ్లలో మోటార్లకు మళ్లీ చుట్లు వేసే ఒక దుకాణంలో నేను కాసేపు కూర్చున్నాను. మేస్త్రీ ప్రతి చుట్ట మొదలుకూ ఒక రంగు గొట్టం తొడుగుతున్నాడు. ఎందుకని అడిగితే, "సారూ, ఏది మొదలో ఏది కొసనో గుర్తు పెట్టకుంటే మోటరు తిరగదు, ఊరికె మొత్తుకుంటది. రైతు పైసలు మల్ల నీళ్ల పాలే" అన్నాడు. మీరు బోల్టుకు కట్టిన ఎర్రదారం, బొమ్మలోని నల్లచుక్క, మేస్త్రీ తొడిగిన రంగు గొట్టం, మూడూ ఒకటే.

ఒక తేడా గుర్తుంచుకోండి. మోటారుకు వచ్చే మూడు తీగల్లో ఏవైనా రెండింటిని మార్చితే మోటారు చక్కగానే తిరుగుతుంది, కాని ఎదురు దిక్కుకు. అది ఫేజుల వరుస మారడం. ఒక చుట్ట కొసలు తారుమారు కావడం వేరు.

చాలా ట్రాన్స్‌ఫార్మర్ల పేరుపలక మీద డి-వై-ఎన్-11 అని అర్థం వచ్చే గుర్తు ఉంటుంది. ఆ 11 కూడా గడియారమే. పెద్ద వోల్టేజి ముల్లు 12 మీద ఉన్నప్పుడు చిన్న వోల్టేజి ముల్లు 11 మీద ఉంటుందని దాని అర్థం. అంటే 30 డిగ్రీల తేడా. కాలంలో చెప్పాలంటే సెకనులో 600వ వంతు. ఈ అంకె కలవని రెండు ట్రాన్స్‌ఫార్మర్లను సమాంతరంగా కలపకూడదు. కలిపితే మన 6 వోల్టుల చుట్టల కథే, చాలా పెద్ద ఎత్తున జరుగుతుంది.

వెనక్కి పోయే కరెంటు

చివరగా, అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఏ చుట్ట మొదటిది, ఏది రెండోది అని ట్రాన్స్‌ఫార్మరుకు తెలియదు. ఎటునుంచి శక్తినిస్తే అటే మొదటిది. 11,000ను 250గా మార్చే చుట్టలే 250ని 11,000గా మార్చగలవు. ఇక్కడ చుట్ల నిష్పత్తి 44.

కరెంటు పోయినప్పుడు ఒకరు తమ జనరేటరును మార్పిడి స్విచ్చి లేకుండా నేరుగా ఇంటి తీగలకు కలిపారనుకోండి. ఆ 230 వోల్టులు సర్వీసు తీగలో వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మరు కింది చుట్టను చేరతాయి. 230ని 44తో గుణించండి. పై తీగల్లో 10,000 వోల్టులకు పైనే! జనరేటరు ఆ భారాన్ని మోసినంతసేపు పై లైను ప్రాణం తీసే లైనే. ఆ క్షణంలో లైను ఆపేశాం కదా అనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ గతి ఏమిటి? అందుకే లైన్‌మన్లు లైను ఆపిన తరువాత కూడా తీగలను భూమికి కలిపి గాని ముట్టుకోకూడదు. అందుకే జనరేటరు పెట్టుకునే ఇంట్లో మార్పిడి స్విచ్చి తప్పనిసరి. అది లైనుకు, జనరేటరుకు ఒకేసారి తావివ్వదు.

ఇప్పుడు ఇళ్ల కప్పుల మీద సౌరఫలకాలు వస్తున్నాయి. పగలు వాటిలో మిగిలిన విద్యుత్తు ఇదే దారిన లైనులోకి పోతుంది. ఇది తెలిసి పంపే విద్యుత్తు. లైనులో సరఫరా ఆగగానే వాటి ఇన్వర్టరు తనంతట తానే లైనుకు పంపడం ఆపేసేలా తయారు చేస్తారు. కారణం ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు.

ఫ్యూజు పోయిందని మీ నాన్నగారో, పక్క పొలం పెదనాన్నో కర్ర పట్టుకుని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి బయలుదేరితే ఈ లెక్క చెప్పి ఆపండి. లైన్‌మన్ వచ్చేదాకా ఒక పూట తోట ఎండినా ఫరవాలేదు. మీరు కూడా ట్రాన్స్‌ఫార్మరును దూరం నుంచే చూడండి.

మా తరగతి అమ్మాయికి జవాబు దొరికింది. మరి మీకో ప్రశ్న. కాగితం మీదే చేయండి. 230 వోల్టుల చుట్ట, 12 వోల్టుల చుట్ట ఉన్న ట్రాన్స్‌ఫార్మరులో చుక్కలున్న కొసలు రెండింటినీ కలిపితే, మిగిలిన రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులుంటాయి? 242నా, 218యా? ఎందుకో కూడా చెప్పగలిగితే చుక్క సంగతి మీకు పూర్తిగా అర్థమైనట్టే.